గిన్నెలో అన్నం ఎంత?

మన ఇళ్లలో కుక్కకు తిండి అంటే పెరుగన్నమే. అందరి భోజనాలూ అయ్యాక అడుగున మిగిలిన అన్నం, దాని మీద రెండు గరిటెల పెరుగో మజ్జిగో, ఆదివారమైతే కాస్త కూర పులుసు. ఇప్పుడు అదే ఇంట్లో మనవడు ఫోన్ చూసుకుంటూ, "నాయనమ్మా, కుక్క మాంసాహారి. అన్నం దానికి విషం" అంటాడు. "వీధిలో ఇన్ని కుక్కలు అదే తిని బతకట్లేదుట్రా?" అని ఆవిడ అడుగుతుంది. ఇద్దరి దగ్గరా సగం సగం నిజం ఉంది. వాటిని విడదీస్తే, మీ కుక్క గిన్నెలో అన్నం ఎంత ఉండాలో మీరే లెక్క వేసుకోవచ్చు.

ముందు మనవడి మాట చూద్దాం. కుక్క తోడేలు సంతతే, కాని ఇప్పుడది తోడేలు కాదు. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్సన్ బృందం 12 తోడేళ్ల జన్యువులనూ 60 కుక్కల జన్యువులనూ పోల్చి, 2013లో 'నేచర్' పత్రికలో ఫలితాలు ప్రచురించింది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమును క్లోమంలో తయారు చేయించే జన్యువు ఒకటుంది. తోడేలులో దానికి రెండే నకళ్లు ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. అమైలేజ్ విడగొట్టినదాన్ని గ్లూకోజుగా మార్చడంలోనూ, ఆ గ్లూకోజును పేగు గోడ లోపలికి తీసుకోవడంలోనూ పనిచేసే జన్యువులు కూడా మారి ఉన్నాయి. మనిషి సేద్యం నేర్చి గింజలు వండుకోవడం మొదలుపెట్టాక, ఆ మిగుళ్లు తిని అరిగించుకోగలిగిన కుక్కలు బాగా బతికి పిల్లల్ని కన్నాయన్నమాట. ఐరోపా తవ్వకాల్లో దొరికిన, ఏడు వేల ఏళ్ల నాటి కుక్కల ఎముకల్లోనే ఈ అదనపు నకళ్లు కనిపించాయి. అన్ని జాతుల్లోనూ ఇది ఒకేలా లేదు. పొలాలు లేని మంచు ప్రాంతాల్లో పెరిగిన హస్కీల్లోనూ, ఆస్ట్రేలియా డింగోల్లోనూ ఈ నకళ్లు తక్కువ.

కాబట్టి అన్నం విషం కాదు. మెత్తగా ఉడికిన అన్నంలోని పిండిని ఆరోగ్యంగా ఉన్న కుక్క దాదాపు పూర్తిగా అరిగించుకుంటుంది.

అయితే అరగడం వేరు, అవసరం కావడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఇంత వాదన. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లో కుక్కల, పిల్లుల పోషక అవసరాల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించింది. పెరిగిన కుక్క రోజుకు ఇంత ప్రోటీన్, ఇంత కాల్షియం, ఇంత జింక్ తినితీరాలని అందులో లెక్కలున్నాయి. పిండిపదార్థాలకు మాత్రం కనీస మోతాదు అంటూ లేదు. మెదడుకూ ఎర్ర రక్తకణాలకూ గ్లూకోజ్ కావాలి, నిజమే. కాని తగినంత మాంసకృత్తులు అందితే ఆ గ్లూకోజును కుక్క కాలేయం సొంతంగా తయారు చేసుకోగలదు. చూలు కుక్క, పాలిచ్చే కుక్క సంగతి వేరు. కడుపులో పిల్లలకూ పాలలోని చక్కెరకూ గ్లూకోజ్ అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ వారాల్లో పిండిపదార్థాలు పూర్తిగా ఆపేస్తే తల్లి రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. అంతర్జాలంలో చదివిన పచ్చిమాంసం పద్ధతిని చూలు కుక్క మీద ప్రయోగించొద్దు.

తప్పనిసరి కాని దాన్ని అసలు ఎందుకు పెట్టాలి? చౌకగా శక్తినిస్తుంది కాబట్టి. పరుగుకూ ఆటకూ ఒంటి వేడికీ కావలసిన క్యాలరీలు అన్నం నుంచో జొన్నల నుంచో వస్తే, ఖరీదైన మాంసంలోని ప్రోటీన్ కండకూ చర్మానికీ రోగనిరోధకానికీ మిగులుతుంది. మంచులో బండి లాగే కుక్కలు కొవ్వును ఇంధనంగా వాడుకుని రోజంతా పరిగెత్తుతాయి. వాటికి పెట్టే కొవ్వు తిండి హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో పడుకునే ల్యాబ్రడార్‌కు పెడితే అది బంతిలా తయారవుతుంది.

ఇక నాయనమ్మ మాట. దీన్ని మాటలతో కాక అంకెలతో చూద్దాం. కుక్క బరువును బట్టి క్యాలరీల లెక్క ఉంది. ఇంట్లో ఉండే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు 10 కిలోలైతే రోజుకు సుమారు 630, 20 కిలోలైతే 1,050, 30 కిలోలైతే 1,430 క్యాలరీలు. బరువు రెట్టింపైతే తిండి రెట్టింపు కాదని గమనించండి. చాలామంది పొరపడేది ఇక్కడే.

20 కిలోల కుక్కనే తీసుకుందాం. వంద గ్రాముల వండిన అన్నంలో 130 క్యాలరీలు, మూడు గ్రాముల లోపు ప్రోటీన్ ఉంటాయి. వంద గ్రాముల పెరుగులో సుమారు 60 క్యాలరీలు, మూడున్నర గ్రాముల ప్రోటీన్. అన్నం ఎంతో పెరుగు అంత కలిపినా, వెయ్యి క్యాలరీలు రావాలంటే కుక్క కిలోకు పైగా పెరుగన్నం తినాలి. అంతా తింటే అందే ప్రోటీన్ 32 గ్రాములు. అమెరికాలో పశుదాణా ప్రమాణాలు నిర్ణయించే సంస్థ పెద్ద కుక్కకు ప్రతి వెయ్యి క్యాలరీలకు కనీసం 45 గ్రాముల ప్రోటీన్, 1,250 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలంటుంది. మన పెరుగన్నంలో కాల్షియం అందులో సగం దాటి కొంచెం. అదీ అన్నానికి సమానంగా పెరుగు పోస్తేనే. ఏ ఇంట్లో పోస్తారు? మూడు వంతుల అన్నానికి ఒక వంతు పెరుగు కలిపితే ప్రోటీన్ 26 గ్రాములకు దిగుతుంది. మజ్జిగ అయితే లెక్క వేయడమే అనవసరం.

నాయనమ్మ కుక్క ఆకలితో చావదు, కడుపు నిండుతుంది. కాని వెంట్రుక పేలవంగా, చర్మం పొట్టు రాలుతూ, నడుం దగ్గర కండ తగ్గి పొట్ట మాత్రం బరువుగా ఉండే కుక్కల్ని మన వీధుల్లో చూస్తుంటాం. అందులో అన్నం చేసిన హాని కన్నా, అన్నం గిన్నె నింపేయడంతో చోటు దొరకని వాటి లోటే ఎక్కువ. వీధి కుక్కలు బతకట్లేదా అంటే, బతుకుతున్నాయి. ఎన్నాళ్లు బతుకుతున్నాయో కూడా అడగాలి. పైగా అవి నాలుగిళ్ల ఎంగిలితో పాటు చికెన్ కొట్టు వెనకాల పారేసిన పేగులూ చర్మమూ, ఎలకలూ కూడా తింటాయి. గొలుసుతో కట్టేసిన మీ కుక్కకు ఆ వీలు లేదు. మీరు పెట్టిందే దాని ప్రపంచం.

వీధి కుక్కల మాట వచ్చింది కాబట్టి ఒక పరిశోధన గురించి చెప్పాలి. కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కలు తిండిని ఎలా ఎంచుకుంటాయో గమనించింది. అవి ఎక్కువగా పిండిపదార్థాల ఎంగిళ్ల మీదే బతుకుతున్నా, ముందు వెతికేది మాత్రం నీచు వాసన. ఏది మాంసంలా వాసన వస్తే అది ముందు తినడం వాటి సూత్రం. మీ ఇంట్లో జరిగే మోసం ఒకటి ఇందువల్లే నడుస్తోంది. ఉత్త అన్నం ముట్టని కుక్క, చికెన్ ఉడికించిన నీళ్లు పోసి కలిపితే గిన్నె నాకేస్తుంది. "మావాడు చికెన్ అన్నం తింటాడండీ" అని మురిసిపోతాం. వాసన చికెన్‌ది, తిన్నది అన్నం. ఆ నీళ్లలో ఉండే ప్రోటీన్ నామమాత్రం. కుక్క ఇష్టంగా తినడాన్ని పోషణకు సాక్ష్యంగా తీసుకోకండి. గిన్నెలో ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి.

మరి గిన్నె ఎలా కలపాలి? అదే 20 కిలోల కుక్కకు రోజు మొత్తానికి వండిన అన్నం 300 గ్రాములు, ఉడికించిన ఎముకలేని చికెన్ 250 గ్రాములు, ఒక గుడ్డు, వంద గ్రాముల గుమ్మడికాయో క్యారెట్టో బీన్సో, ఒక చిన్న చెంచా నూనె. సుమారు వెయ్యి క్యాలరీలు, 80 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. అన్నం తీసేయలేదు చూడండి. క్యాలరీల్లో మూడో వంతుకు పైగా దాని నుంచే వస్తున్నాయి. గిన్నెలో చూపుకు సగం కన్నా తక్కువ ఉంటే చాలు.

ఇంతటితో పని అయిపోయిందనుకోకండి. ఈ గిన్నెలో కాల్షియం దాదాపు లేదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. అన్నం మాని ఉత్త చికెన్ మాత్రమే పెట్టి పెంచిన కుక్కపిల్లల కాళ్లు వంకర పోయేది ఇందుకే. మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకు ఒక మార్గం. ఒక గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. ఎంత కలపాలో మీ పశువైద్యుణ్ని అడగండి, ముఖ్యంగా గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్ లాంటి పెద్ద జాతి పిల్లలకు. వాటికి తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. జింక్, అయోడిన్, విటమిన్ ఇ లాంటివి కూడా ఇంటి వంటలో వెనకబడతాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో 2013లో పుస్తకాల నుంచీ వెబ్‌సైట్ల నుంచీ సేకరించిన 200 ఇంటి వంటకాలను పరీక్షిస్తే, 95 శాతం వాటిలో ఏదో ఒక పోషకం లోటుగా తేలింది. అందుకే ఇంట్లో వండేవాళ్లు వెట్ రాసిన మినరల్ పొడిని మానకూడదు.

శాకాహార ఇళ్లవాళ్లు అడుగుతారు, మా వంటింట్లోకి చికెన్ రానివ్వం, మరి ఎలా అని. పప్పు బాగా ఉడికించి అన్నంలో కలపండి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో దండిగా ఉంటుంది. పెరుగు పెంచండి. మీల్‌మేకర్ నానబెట్టి ఉడికించి పెట్టొచ్చు. గుడ్డు ఒప్పుకుంటే సగం సమస్య తీరినట్టే. అయినా మాంసం లేకుండా ఇంటి వంటతో కుక్కకు అన్నీ అందించడం కష్టమైన పని. ఆ ఇళ్లకు, సరిగ్గా తయారైన శాకాహార డాగ్ ఫుడ్ ప్యాకెట్టే మేలని నా అభిప్రాయం. పిల్లి ఉన్నవాళ్లు మాత్రం ఇదంతా పిల్లికి వర్తింపజేయొద్దు. అది కచ్చితమైన మాంసాహారి.

ఏ గింజ అన్న ప్రశ్నకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. రాయలసీమలో సంగటి, తెలంగాణలో జొన్నరొట్టె, కోస్తాలో అన్నం. మనుషులు ఏది తింటే కుక్కా అదే తింది. జొన్నలు, శనగలు, కందులు తెల్లన్నం కన్నా నిదానంగా గ్లూకోజును వదులుతాయి. రాగుల్లో కాల్షియం ఎక్కువే అయినా దాన్ని పూర్తిగా ఒంటికి పట్టనివ్వని పదార్థాలూ వాటిలో ఉన్నాయి. కాబట్టి సంగటి పెట్టాం కదా అని కాల్షియం పొడి మానొద్దు. గింజ ఏదైనా గట్టిగా పట్టుకోవలసిన నియమం ఒక్కటే, మనం తినేదాని కన్నా ఒక విజిల్ ఎక్కువ రావాలి. కుక్క లాలాజలంలో అమైలేజ్ దాదాపు ఉండదు. నమలదు, మింగేస్తుంది. పిండి అరగడం మొదలయ్యేదే చిన్నపేగులో. పలుకు మిగిలిన అన్నం, సరిగా కాలని రొట్టె, పచ్చి బంగాళాదుంప పెద్దపేగు దాకా వెళ్లి అక్కడ పులిసి గ్యాసు, పల్చటి విరేచనం అవుతాయి.

విరేచనాలప్పుడు ఇదే అన్నం మందు. మెత్తని తెల్లన్నం, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ కొంచెం కొంచెంగా రెండు మూడు రోజులు పెడితే పేగుకు విశ్రాంతి. రక్తం పడినా, వాంతులు కూడా ఉన్నా, కుక్కపిల్ల అయినా ఇంటి వైద్యం వద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ సమయంలో పాలు మాత్రం పోయకండి. పెరిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు. పెరుగులో అది కొంత తగ్గుతుంది కాబట్టి పెరుగు పడుతుంది.

"మేం అన్నం పెట్టం, ప్యాకెట్టే" అని గర్వంగా చెప్పేవాళ్లకు చిన్న లెక్క. ప్యాకెట్ వెనక ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ రాస్తారు. పిండిపదార్థం ఎంతో చాలా కంపెనీలు రాయవు. వందలో నుంచి ఆ నాలుగూ తీసేసి, ఖనిజాల బూడిద కింద ఇంకో ఎనిమిది తీసేయండి. ప్రోటీన్ 20, కొవ్వు 10, పీచు 5, తేమ 12 అని ఉంటే మిగిలేది 45. అంటే ప్యాకెట్‌లో దాదాపు సగం పిండిపదార్థమే. అది మోసమేమీ కాదు. వేడి, ఒత్తిడి మధ్య పిండి ఉడికి సాగితేనే ప్యాకెట్‌లోని ముక్కలు ఆకారం నిలుపుకుంటాయి. మార్కెట్లో తొలి కుక్క బిస్కెట్ల కథ కూడా ఇదే. 1860ల్లో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూట్, మాంసం కలిపి కాల్చి అమ్మాడు.

ఇక 'గ్రెయిన్ ఫ్రీ' అని రెట్టింపు ధరకు అమ్మే సంచులున్నాయి. గింజలు లేవంటే పిండిపదార్థం లేదని కాదు, బియ్యం బదులు బఠాణీలూ శనగలూ బంగాళాదుంపా ఉంటాయి. వెనక వైపు పై లెక్క వేసి చూడండి, తెలిసిపోతుంది. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇలాంటి తిండి తినే కొన్ని కుక్కల్లో గుండె కండరం పల్చబడే జబ్బు కనిపిస్తోందని విచారణ మొదలుపెట్టింది. 2022 చివరికి, తిండే కారణమని తేల్చడానికి ఆధారాలు చాలవని చెప్పింది. అనుమానం నిరూపణ కాలేదు, పూర్తిగా పోనూ లేదు. గోధుమకో బియ్యానికో అలర్జీ ఉందని డాక్టర్ పరీక్షించి చెబితే తప్ప, ఆ సంచికి అదనంగా డబ్బు పెట్టడానికి నాకు కారణం కనిపించదు. కుక్కల్లో తిండి అలర్జీలు గింజల కన్నా చికెన్, గొడ్డు మాంసం, పాల పదార్థాల వల్లే ఎక్కువ.

లావు గురించి కాస్త ఆగి మాట్లాడాలి. పిండిపదార్థాలు కుక్కను లావు చేస్తాయన్నది సగం మాట. మోతాదు మించితే ఏదైనా చేస్తుంది. 48 ల్యాబ్రడార్లను జతలుగా విడదీసి, ఒకదానికి రెండోదాని కన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించిన పరిశోధన 2002లో వెలువడింది. తిండి ఒకటే, కొలత మారింది. తక్కువ తిన్నవాటి ఆయుష్షు మధ్యస్థంగా 13 ఏళ్లు, రెండో గుంపుది 11.2. దాదాపు రెండేళ్లు, కేవలం కొలత గ్లాసు వల్ల! ల్యాబ్రడార్ ఎప్పుడూ ఆకలిగా చూస్తుందని కరిగిపోయేవాళ్లు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. సుమారు నాలుగో వంతు ల్యాబ్రడార్లలో ఆకలి తీరిన సంకేతాన్ని దెబ్బతీసే జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు కనుక్కున్నారు. ఆ చూపును నమ్మితే మీరు పెడుతూనే ఉంటారు.

కుక్క బరువు సరిగ్గా ఉందో లేదో మీ చెయ్యే చెబుతుంది. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాయండి. పక్కటెముకలు అలా తగిలితే సన్నం. చెయ్యి చాపి వెనక వైపు, వేళ్ల మొదళ్ల దగ్గర తాకితే ఎలా ఉంటుందో అలా ఉంటే సరిగ్గా ఉంది. అరచేతి మెత్తన తగిలితే బరువు తగ్గించాలి. అప్పుడు ముందు ఆపవలసింది అన్నం కాదు, టీలో ముంచి పెట్టే బిస్కెట్లు. వంద గ్రాముల గ్లూకోజ్ బిస్కెట్లలో సుమారు 450 క్యాలరీలు. 10 కిలోల కుక్కకు రోజంతటి అవసరంలో ఇది మూడింట రెండొంతులకు పైనే. చిరుతిళ్లన్నీ కలిపి రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు.

అన్నం తింటే కుక్కకు షుగర్ వస్తుందా? మనుషుల్లో ఎక్కువగా చూసే రకం మధుమేహం కుక్కల్లో అరుదు. వాటిలో ఇన్సులిన్ తయారు చేసే కణాలే దెబ్బతింటాయి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో ఎద తర్వాతి హార్మోన్లు ఇన్సులిన్‌ను పనిచేయనివ్వవు. జబ్బు వచ్చాక మాత్రం పిండిపదార్థం విషయంలో క్రమశిక్షణ కావాలి. ఇన్సులిన్ వేసే వేళకు ఒకే రకం తిండి, ఒకే కొలత, పీచు కాస్త ఎక్కువ. పండగ పూట పరమాన్నం లేదు.

పరమాన్నం మాట వచ్చింది కనుక మన వంటల్లో కుక్కకు నిజంగా విషమైనవి చెప్పేస్తాను. కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాలను పాడుచేయగలవు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. సాంబారన్నం, బిర్యానీ, పులావు పనికిరావన్నది అందుకే. ఎముకలేని ముక్కలు ఏరి పెట్టినా మసాలాలో ఉల్లి ఉంటుంది. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లలో, కొన్ని మిఠాయిల్లో వాడే జైలిటాల్ కొద్దిగా తిన్నా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. పులియబెట్టిన పచ్చి మైదాపిండి ముద్ద మింగితే పొట్టలో ఉబ్బుతుంది, సారా తయారవుతుంది. నూనెలో తేలే పూరీలు, అరిసెల సంగతికొస్తే, అక్కడ పిండి కన్నా కొవ్వు ప్రమాదకరం. క్లోమం వాచి ఆసుపత్రి పాలయ్యే కుక్కలున్నాయి.

రేపు పొద్దున్నే మొత్తం మార్చేయొద్దు. కొత్త గిన్నెను మొదటి రెండు రోజులు నాలుగో వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, ఎనిమిదో రోజుకు పూర్తిగా. మలం గట్టిగా, తీయడానికి వీలుగా ఉంటే ముందుకు సాగండి. పల్చబడితే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. వంటింటి త్రాసు ఒకటి కొనండి. "ఒక గిన్నెడు" అన్నది కొలత కాదు, ఇంటికో సైజు. వారం పాటు గ్రాముల్లో ఏమేం పెట్టారో కాగితం మీద రాసి, కుక్క బరువు పక్కన వేసి, వెట్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లండి. బిస్కెట్లు కూడా రాయండి. నాయనమ్మ చాటుగా పెట్టినవి కూడా.